పొదిలి నుంచి వచ్చిన రాగి బాయిలర్: ఒక కేస్ స్టడీ

2023 సంక్రాంతి వెళ్లిన వారం. నెల్లూరులో మా షెడ్డు ముందు ట్రాలీ ఆటో ఆగింది. వెనక పాత నేత చీరల్లో చుట్టిన పెద్ద మూట. ముందు సీట్లోంచి దిగిన టీచరమ్మ డ్రైవర్‌తో, "మెల్లిగా దించు నాయనా, అడుగు ఊడి వస్తా ఉంది" అన్నారు. ఇద్దరం పట్టి దించి చీరలు విప్పాం. లోపల నీళ్లు కాచుకునే బాయిలర్. చెబితే తప్ప రాగిదని తెలియదు. ఒళ్లంతా మసి, దాని మీద ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డు. కాళ్ల దగ్గర మాత్రం లేత ఆకుపచ్చ పొడి.

టీచరమ్మది అప్పటికి ప్రకాశం జిల్లాలో ఉన్న పొదిలి దగ్గర పల్లె. రిటైరై పన్నెండేళ్లయింది. కూతురు నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఇల్లు కట్టుకుంది. హాల్లో పెట్టుకోవడానికి ఇంట్లో పాత వస్తువు ఏదైనా ఉంటే ఇవ్వమని అడిగిందట. "అద్దంలా మెరవాలి నాయనా. చూసినోళ్లు కొత్తదనుకోవాలి" అని తన కోరిక ఒక్క మాటలో చెప్పేశారు.

ఆమె అడిగింది అడిగినట్టు చేస్తే మూడు రోజుల పని. నాకు రెండున్నర నెలలు పట్టింది. పదిహేడేళ్లుగా పాత రాగి, ఇత్తడి సామాన్లు బాగుచేస్తున్నాను. అరవై దాకా బాయిలర్లు నా చేతుల మీదుగా వెళ్లాయి, సొంతానికి పదకొండు దాచుకున్నాను. అన్నిట్లోకీ దీని గురించే రాయడానికి కారణం ఒకటే. పాత వస్తువును ముట్టుకునే ముందు ఏది దానికి తగిలిన దెబ్బ, ఏది ఆ ఇంటివాళ్లు దాని మీద వదిలిన గుర్తు అని తేల్చుకోవాలి. ఈ బాయిలర్ విషయంలో ఆ తేడా తెలుసుకోకుండా ముందుకు పోయి ఉంటే పోయేది ఎవరూ తిరిగి తేలేనిది.

అది పనిచేసే తీరు

అలంకారానికే పెట్టుకున్నా సరే, పనిచేసే తీరు తెలియకుండా బాయిలర్‌ను బాగుచేయకూడదు. నిలువు పీపా లాంటి ఒళ్లు. దాని నడిమధ్యన కింది నుంచి పైదాకా ఒక గొట్టం. గొట్టం అడుగున ఇనప జల్లెడ, దాని కింద బూడిద పడే పళ్లెం. గొట్టంలో బొగ్గులో, కొబ్బరి చిప్పలో, సవక పుల్లలో వేసి అంటిస్తే గాలి కింది నుంచి లాగి మంట నిలువునా లేస్తుంది. చుట్టూ ఉన్న నీళ్లు కాగుతాయి. పైన పక్కగా ఒక గరాటు. దాని కాడ లోపల అడుగు దాకా దిగి ఉంటుంది. చన్నీళ్లు అందులో పోస్తే అవి నేరుగా అడుగుకు చేరి, పైకి తేలిన వేడి నీళ్లను ముక్కులోంచి బయటికి తోస్తాయి. ఒక చెంబు చన్నీళ్లు పోస్తే ఒక చెంబు ఉడుకునీళ్లు వస్తాయి. కరెంటు లేదు, మోటారు లేదు. వేడి నీళ్లు చన్నీళ్ల కన్నా తేలిక అనే ఒక్క సంగతి మీద మొత్తం నడుస్తుంది.

నడిమి గొట్టంలో నిప్పు, చుట్టూ నీళ్లు అనే ఈ ఏర్పాటు రష్యావాళ్లు టీకి నీళ్లు కాచుకునే సమోవార్‌లోనూ ఉంది. గీజర్ దారి వేరు. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ అనే ఆయన గ్యాస్ మంటతో నీళ్లు కాచే యంత్రానికి పేటెంటు తీసుకుని, ఐస్‌లాండ్‌లోని వేడి నీటి ఊట పేరు మీద దానికి గీజర్ అని పేరు పెట్టాడు. దానికి పొగ బయటికి పోయే గొట్టమే లేదు, అందుకే ప్రమాదకరమైనది. తర్వాత జర్మనీలో గ్యాస్ హీటర్లు చేసి పేరు తెచ్చుకున్న హ్యూగో యుంకర్సే ఆ తర్వాత విమానాలు కట్టాడు. ఐరోపాలో సేకరించేవాళ్లు ఆ తరం గ్యాస్ హీటర్లను గోడలకు తగిలించుకుంటారు. మన దగ్గర మిగిలింది కట్టెల బాయిలర్. నేను సేకరించేదీ అదే.

ఇందులో రెండు సంగతులు బాగుచేసేవాడికి ముఖ్యం. గరాటు, ముక్కు ఎప్పుడూ తెరిచే ఉండాలి. వాటిని మూసి నిప్పు వేస్తే ఆవిరికి దారి ఉండదు, బాయిలర్ పేలుతుంది. రెండోది, అతుకులను కాపాడేది లోపలి నీళ్లే. నీళ్లున్నంతసేపు రాగి వేడి నూరు డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. నీళ్లు లేకుండా నిప్పు వేస్తే ఆ హద్దు దాటిపోతుంది. పాత అతుకుల్లో వాడిన తగరం, సీసం కలిపిన టంకం 183 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి. అందుకే ఇలాంటి బాయిలర్లలో ఒళ్లు చెక్కుచెదరకుండా ఉండి అడుగు ఊడిపోయి కనిపిస్తుంది.

మొదటి పరీక్ష

కొలతలు తీస్తే ఒంటి అడ్డం 14 అంగుళాలు, ఒంటి ఎత్తు 20 అంగుళాలు. కాళ్లు, పొగ మూత కలిపి 33. నడిమి గొట్టం 4 అంగుళాలు. మొత్తం బరువు 13 కిలోల పైచిలుకు. నీళ్లు మూడు బిందెలు, అంటే సుమారు 45 లీటర్లు పడతాయి. అయస్కాంతం పెట్టి చూస్తే కాళ్లు, జల్లెడ దగ్గర తప్ప ఎక్కడా అంటలేదు. కొనేవాళ్లు అయస్కాంతం జేబులో పెట్టుకుని వెళ్లడం మంచిది. ఇనుము మీద రాగి పూత వేసి పాతదని అమ్మేవి ఈమధ్య ఎక్కువయ్యాయి.

లోపలికి ఫోన్ టార్చి వేసి చూశాను. లోపల నడిమి గొట్టం చుట్టూ తెల్లగా, గరుకుగా సున్నపు గార. కొన్నిచోట్ల అర అంగుళం మందాన పేరుకుంది. పొదిలి, కనిగిరి వైపు బోరు నీళ్ల సంగతి తెలిసినవాళ్లకు ఇది వింతేమీ కాదు. అదే నీళ్లు ఫ్లోరైడుతో ఆ వైపు ఎంతోమంది పళ్లను, ఎముకలను దెబ్బతీశాయి.

అడుగు అతుకు మూడొంతుల చుట్టూ తెరుచుకుని ఉంది. దాని మీద ఎవరో ఎపాక్సీ జిగురు ముద్ద పెట్టి అదిమారు. టంకం కరిగి కిందికి జారి, గోళీల్లా గట్టిపడి అడుగు అంచున వేలాడుతోంది. నీళ్లు లేకుండా ఎండకాల్చారని ఆ గోళీలే చెబుతున్నాయి. టీచరమ్మను అడిగితే కాసేపు ఆలోచించి, "అమ్మ పోయాక ఇల్లు రెండేళ్లు అద్దెకిచ్చాం. ఆ రోజుల్లోనే పాడైందన్నారు" అని చెప్పారు.

మెడ కింద ఒక మాటు. అరచేతిలో సగం ఉన్న రాగి ముక్క, ఐదు రివిట్లు. భుజం మీద రెండు సొట్టలు. ముక్కు దగ్గర ఒకచోట మసి లేదు, జిడ్డు లేదు. కింద బకెట్టు పెట్టినప్పుడు చెయ్యి ఆనించే చోటు అది. అక్కడ రాగి గోధుమ రంగులో నునుపు తేలి ఉంది.

పాత తప్పు ఒకటి

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ పని మొదలుపెట్టిన కొత్తలో వెంకటగిరి నుంచి ఒక ఇత్తడి గంగాళం, దాంతో పాటు ఒక బాయిలర్ వచ్చాయి. ఇచ్చినాయన మెరవాలన్నారు. నేను బఫింగ్ షాపుకు పంపాను. చక్రం తిరిగింది, ఎమెరీ రాసుకుంది, సాయంత్రానికి రెండూ బంగారంలా వచ్చాయి. ఆయన భార్య వచ్చి గంగాళం చుట్టూ రెండుసార్లు తడిమి, "మా నాయన పేరు ఉండాల ఇక్కడ" అని అడిగారు. పెళ్లికి పెట్టిన సామాను మీద పేరు కొట్టించడం మన ఇళ్లల్లో అందరికీ తెలిసిందే. చిన్న ఉలితో చుక్క పక్కన చుక్క పెట్టి అక్షరం కూరుస్తారు. ఆ చుక్కల లోతు గోరు మందం కూడా ఉండదు. బఫింగ్ చక్రం దాన్ని ఒక్క నిమిషంలో తినేస్తుంది. ఆమె నన్ను ఏమీ అనలేదు. డబ్బు తీసుకోవడానికి నాకు చెయ్యి రాలేదు. అప్పటి నుంచి ఒళ్లంతా చేత్తో చూడకుండా ఏ వస్తువునూ చక్రం దగ్గరికి పంపలేదు.

అందుకే టీచరమ్మతో, "పది రోజులు టైమివ్వండమ్మా. ముందు కొంచెం కడిగి చూస్తాను. మెరిపించాలా వద్దా అప్పుడు మాట్లాడుకుందాం" అన్నాను. ఆమెకు నచ్చలేదు, కానీ సరేనన్నారు.

మసి కింద

జిడ్డు తీయడానికి గోరువెచ్చటి నీళ్లు, కుంకుడు రసం, మెత్తటి నూలు గుడ్డ, అంతే. ఇసుక, పీచు, స్టీల్ స్క్రబ్బర్ ఏదీ వాడను. జిడ్డు పోయాక మసి తెలుస్తుంది, మసి తుడిచాక రాగి మీది ముదురు గోధుమ పొర తెలుస్తుంది. ఆ పొర రాగిని కాపాడేదే, దాన్ని ఉంచాలి.

నాలుగో రోజు మధ్యాహ్నం, కుళాయికి జానెడు పైన, వేలి కింద గరుకు తగిలింది. చింతపండు నానబెట్టిన నీళ్లు దూదితో అద్ది, రెండు నిమిషాలుంచి తుడిచాను. చాలామంది చింతపండులో ఉప్పు కలుపుతారు, తొందరగా తెల్లబడుతుంది. నేను కలపను. ఉప్పులోని క్లోరైడు సందుల్లో మిగిలిపోతే సముద్రం దగ్గరున్న మన ఊళ్ల గాలిలో నెల తిరక్కుండా చిలుము వస్తుంది. తుడిచాక లైటు పక్కనుంచి, దాదాపు ఒంటికి ఆనించి వేసి చూశాను. ఎదురుగా వేస్తే ఏమీ కనబడదు, పక్కనుంచి వేస్తే ప్రతి చుక్కా నీడ పడుతుంది. పై వరసలో "కా. వెం." అని ఉంది. కింది వరసలో "నందన".

ఫోటో తీసి టీచరమ్మకు పంపాను. అరగంటకు ఫోన్ చేశారు. "కా అంటే మా అమ్మమ్మోళ్ల ఇంటి పేరు. వెం మా తాత" అన్నారు. తర్వాత కాసేపు మాట లేదు. "నందన నేను పుట్టిన సంవత్సరం నాయనా" అన్నారు.

మర్నాడే వచ్చారు. ఆమె తల్లికి తొలి కాన్పు, పురుడు పుట్టింట్లో. కార్తీకంలో పుట్టారు, చలి రోజులు. పురిటి స్నానాలకు వావిలాకు వేసి కాచిన నీళ్లు పొద్దునా సాయంత్రం కావాలి. తాత ఆ బాయిలర్ కూతురి పురుడు కోసం చేయించి, బాలింతను అత్తగారింటికి పంపేటప్పుడు సారెతో పాటు బండిలో పంపి ఉంటారని ఆమెకు ఆ రోజే అర్థమైంది. ఏళ్ల తరబడి ఆ నీళ్లతోనే స్నానం చేసి, పండగలకు దానికి పసుపు రాసి కూడా ఆ అక్షరాలు ఎప్పుడూ చూడలేదు. నేను వేలు పట్టి చుక్కల మీద పెట్టించాను. ఒక్కో అక్షరం తడిమి చదివారు. ఇక మెరుపు మాట ఎత్తలేదు.

వయసు లెక్క

ఒంగోలులో ఒక పాత సామాన్ల వ్యాపారి ఇది నూట యాభై ఏళ్ల నాటి ఇంగ్లీషు సరుకని ఆమెకు చెప్పి, రాగి బరువు ధర మీద కొంచెం ఎక్కువిచ్చి కొనబోయాడట. నందన అరవై ఏళ్లకోసారి వస్తుంది. 1892లో వచ్చింది, 1952లో వచ్చింది, మళ్లీ 2012లో వచ్చింది. చుక్కలు చూసి ఇది 1892 అనీ అనుకోవచ్చు. కానీ తాత పేరులోని అక్షరం, మనవరాలు పుట్టిన ఏడు రెండూ కలిసి 1952 ఉగాదికి, 1953 ఉగాదికి మధ్యన అని తేల్చాయి. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడలేదు, మద్రాసు రాష్ట్రమే. ప్రకాశం జిల్లా లేదు, అది 1970లో వచ్చింది. పొదిలి అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉంది. టీచరమ్మ తల్లి చివరిదాకా "మాది నెల్లూరు జిల్లా" అనే చెప్పేవారట.

ఈ లెక్క ముచ్చట కోసం వేసింది కాదు. అమెరికాలో ఉన్న మనవడు తర్వాత తనకు పంపమని అడుగుతున్నాడు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది, మామూలు మనుషులు దాన్ని దేశం దాటించకూడదు. 1892 అయితే ఆ మాటే లేదు. 1952 కాబట్టి కుదురుతుంది. అయినా పాతదిగా కనిపించే వస్తువు పంపేటప్పుడు పురావస్తువు కాదని పురావస్తు శాఖ నుంచి సర్టిఫికెట్ తీసుకోవడం మేలని చెప్పాను. పాత సామాన్లు సేకరించేవాళ్లు ఈ చట్టం తెలుసుకుని తీరాలి. వయసు పెంచి చెప్పడం వ్యాపారికి లాభం, కొన్నవాడికి చిక్కు.

గార, చిలుము

లోపలి గారకు నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్ వాడాను. లీటరుకు 50 గ్రాములు. అడుగు తెరుచుకుని ఉండటంతో నీళ్లు నిలవవు కాబట్టి బాయిలర్‌ను ప్లాస్టిక్ డ్రమ్ములో నిలువునా దింపి, డ్రమ్మునే నింపాను. బయటి ఒంటికంతా, చుక్కలున్న చోటుతో సహా, ముందే మైనం కప్పాను. గోరువెచ్చటి నీళ్లలో నిమ్మ ఉప్పు తగలగానే గార నుంచి సోడా బుడ్డీలా బుడగలు లేచాయి. బుడగలు ఆగాక నీళ్లు మార్చాను. ఇలా నాలుగు విడతలు. సుత్తితో కొట్టి గార రాల్చకూడదు, లోపలి గొట్టం చొట్టబోతుంది. చివర్లో వంటసోడా నీళ్లతో కడిగి పులుపు విరిచాను.

ఆ నీళ్లు నీలంగా మారతాయి, అది రాగి. కాలవలో పోస్తే చేపలకు విషం. గూడూరు వైపు నిమ్మ తోటల రైతులకు మైలుతుత్తం ఎంత ఘాటో చెప్పనక్కర్లేదు, ఇదీ ఆ జాతిదే. నేను వెడల్పు టబ్బుల్లో ఎండబెట్టి, అడుగున మిగిలిన మడ్డిని విడిగా సీసాలో దాస్తాను.

కాళ్ల దగ్గర చిలుము అసలు కష్టం. ఆకుపచ్చ రెండు రకాలు. ఒకటి గట్టిగా, ముదురుగా, ఒంటికి అంటుకుని ఉంటుంది, అది ఏమీ చెయ్యదు. రెండోది లేతగా, పొడిపొడిగా, గోటితో గీరితే రాలుతుంది. ఆ రెండో దాని కింద క్లోరైడు ఉంటుంది. చెమ్మ తగిలినప్పుడల్లా అది రాగిని తింటూనే ఉంటుంది. పైపైన తుడిస్తే పోయినట్టు ఉండి వానాకాలానికి మళ్లీ వస్తుంది. వెదురు పుల్ల చెక్కి, భూతద్దం కింద ఒక్కో మచ్చ పొడి తవ్వి తీశాను. తర్వాత చాకలి సోడా, వంటసోడా కలిపిన నీళ్లలో కింది భాగం మునిగేలా పెట్టి, వారానికోసారి నీళ్లు మార్చాను. ఐదు వారాలు. ఆలస్యంలో సగం దీనిదే. ఇక్కడ తొందరపడితే మిగతా పనంతా వృథా.

ఇనప కాళ్లు, జల్లెడ తుప్పు పట్టి ఉన్నాయి. వదులు తుప్పు గీకి, కరక్కాయల కషాయం చిక్కగా కాచి రెండు పూతలు పూశాను. కరక్కాయలోని వగరు తుప్పుతో కలిసి నల్లటి పొరగా గట్టిపడుతుంది. మన పాత సిరా చేసే పద్ధతే అది. ఇనుము, రాగి ఒకదానికొకటి తాకి తడిస్తే ఇనుము త్వరగా పోతుంది కాబట్టి మధ్యలో పలుచటి రబ్బరు ముక్కలు పెట్టాను.

అడుగు గురించి వాదన

టంకం పని నేను చెయ్యను. నాకు తెలిసిన కళాయి పెద్దాయన ఒకరున్నారు, డెబ్బై దాటాయి, చెయ్యి వణకదు. ఆయన బాయిలర్ తిప్పి చూసి, "గట్టి టంకం వేద్దాం సామీ. వెలిగారం వేసి ఎర్రగా కాలిస్తే ఇంకో యాభై ఏళ్లు నీళ్లు కాస్తది" అన్నారు. గట్టి టంకానికి ఏడెనిమిది వందల డిగ్రీల వేడి కావాలి. పాత సీసం అతుకులో ఎక్కడ మిగిలినా ఆ వేడికి రాగిలోకి పాకి అంచు పాడుచేస్తుంది. ఒంటి మీది గోధుమ పొర కాలిపోతుంది. చుక్కలున్న చోటు అడుగుకు ఎంతో దూరం లేదు.

"నిప్పు వెయ్యరు భాయ్, హాల్లో పెట్టుకుంటారు" అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. "నిప్పు పెట్టని బాయిలర్ ఏంది సామీ, బొమ్మా?" అన్నారు. ఆయన బాధ నిజమైనదే. పనికొచ్చే వస్తువును పనికొచ్చేలా ఇవ్వడమే ఆయన నేర్చుకున్న ధర్మం. రెండు టీలు తాగేంతసేపు మాట్లాడుకున్నాం. చివరికి సీసం లేని తగరపు టంకంతో అతికి, నీళ్లు మాత్రం నిలిచేలా చేద్దామని ఒప్పుకున్నారు. ఈ టంకం తర్వాత ఎవరైనా వేడి చేసి విప్పుకోవచ్చు, రాగికి దెబ్బ తగలదు. రేపు మనవడికి నిప్పు వేసే కోరిక పుడితే అప్పుడు గట్టి టంకం వేసుకునే దారి తెరిచే ఉంటుంది.

ఆ పని చూడాల్సిందే. ఎపాక్సీ ముద్ద మెల్లిగా వేడి చేసి లేపారు. పాత టంకం గోళీలన్నీ తీసి డబ్బాలో వేశారు, అవి సీసం కాబట్టి చేతులు కడుక్కోకుండా ఏమీ తినొద్దని కుర్రాడిని కసిరారు. అంచు తెల్లగా అయ్యేదాకా గీకి, నవసారం చల్లి, దూదితో కరిగిన తగరం తుడిచారు. అంచు పొడవునా అద్దం పొర పాకినట్టు వెండి రంగు పరుచుకుంది. అప్పుడు అడుగు కూర్చి, చుట్టూ తిప్పుతూ టంకం పోశారు. ఒక్కచోట కూడా వేడి ఎక్కువ కానివ్వలేదు. నీళ్లు నింపి ఒక రోజంతా కింద పాత న్యూస్ పేపర్ పరిచి ఉంచాం. చుక్క పడలేదు. పెద్దాయన కాగితం తీసి అటూ ఇటూ తిప్పి చూసుకుని మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఉంచినవి, తీసినవి

మెడ కింద మాటు అలాగే ఉంచాను. భుజం మీది సొట్టలు తీయలేదు. పొగ మూత లోపల మసి ఉంచాను, చెయ్యి పెడితే అంటకుండా వదులు మసి మాత్రం తుడిచాను. ముక్కు దగ్గర చెయ్యి ఆనించే నునుపు చోటును అసలు ముట్టుకోలేదు. ఇత్తడి కుళాయి బిగుసుకుపోయింది, కొన్నిచోట్ల జింకు పోయి గులాబీ రంగు తేలింది. నూనె వేసి నాలుగు రోజులుంచి విప్పి, తిరిగేలా చేసి వదిలేశాను.

పైన వార్నిష్ వేయలేదు. వార్నిష్ ఒకచోట లేచిందంటే ఆ సందులో చెమ్మ చేరి మచ్చలు పడతాయి, మళ్లీ మొత్తం తీయాల్సిందే. తేనెమైనం టర్పెంటైన్‌లో కరిగించి పలుచగా పూసి, ఆరాక నూలు గుడ్డతో రుద్దాను. అద్దంలా లేదు. కాల్చిన బెల్లం రంగులో, లోపలినుంచి వెచ్చగా ఉన్నట్టు ఉంది.

అల్లుడుగారు లోపల లైటు పెట్టాలన్నారు, వైరు కోసం ఒంటికి చిన్న బొక్క వేయమన్నారు. బొక్క అవసరమే లేదు. నడిమి గొట్టం ఉండనే ఉంది. బూడిద పళ్లెం వైపు నుంచి వైరు తీసి, జల్లెడ కింద వేడెక్కని చిన్న ఎల్ఈడీ పెట్టాం. సాయంత్రం వేస్తే జల్లెడ సందుల్లోంచి ఎర్రటి వెలుగు వస్తుంది, నివురు కప్పిన నిప్పులా. టీచరమ్మ ఆ సాయంత్రం దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

నిప్పు వెయ్యకూడదని రాసి చిన్న రాగి బిళ్ల గరాటు కాడకు తీగతో కట్టాను. ఒంటికి ఏదీ అతికించలేదు. ఏం చేశాం, ఏ టంకం వాడాం, ఏది ఎందుకు వదిలేశాం అన్నీ రెండు పేజీల్లో రాసి, ఫోటోలు జతచేసి వాళ్లకిచ్చాను. మొత్తం 41 గంటల చేతి పని, నానబెట్టిన రోజులు కాక. సామాన్లు, పెద్దాయన కూలీ, నా కూలీ కలిపి 9,400 రూపాయలు తీసుకున్నాను.

నవంబర్‌లో

నెల్లూరులో అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవే. అందుకే ప్రతి బాయిలర్‌నూ ఇచ్చిన ఏడాది కార్తీకంలో ఒకసారి వెళ్లి చూస్తాను. మాగుంట లేఅవుట్‌లో దాన్ని చీమకుర్తి నల్ల గ్రానైట్ పలక మీద పెట్టారు, కింద తడి తగలకుండా చెక్క దిమ్మెలు వేసుకున్నారు. ఎడమ కాలు పైన, అతుకు సందులో, ఆవగింజంత లేత పచ్చ మచ్చ ఒకటి కనిపించింది. తవ్వి, సోడా నీళ్లతో తడిపిన దూది మూడు రోజులు కట్టి ఉంచి, కడిగి ఆరబెట్టి మళ్లీ మైనం పూశాను. మిగతా మచ్చలన్నీ నిద్రపోయే ఉన్నాయి.

"నందన" దగ్గర చుక్కల్లో పసుపు, పక్కన కుంకుమ బొట్టు ఉన్నాయి. ఆమె పుట్టినరోజు ఆ వారమే వెళ్లిందట. తడి పసుపు వద్దమ్మా, పొడి పసుపు వేలితో అద్దండి, మర్నాడు మెత్తటి గుడ్డతో తుడిచేయండి అని చెప్పాను. ఆమె లోపలికి వెళ్లి ఒక తెల్లటి నూలు గుడ్డ తెచ్చి, ఇది సరిపోతుందా నాయనా అని అడిగారు. సరిపోతుందన్నాను. వచ్చే కార్తీకంలో మళ్లీ వెళ్లాలి.